రేకు తిన్నగా పడదు

మా అన్నయ్య కూతురు స్రవంతికి ఇరిగేషన్‌లో ఏఈ ఉద్యోగం వచ్చింది. గుడివాడ దగ్గర సెక్షను ఇచ్చారు. చేరే ముందు బందరులో మా ఇంటికి వచ్చి, "బాబాయ్, ముప్పై నాలుగేళ్లు కాలవల మీదే బతికావుగా, నాకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాసివ్వు" అంది.

అమ్మాయ్, ఎస్టిమేటు ఎలా వెయ్యాలో, కొలతల పుస్తకం ఎలా నింపాలో నీకు ఆఫీసులో బోలెడుమంది చెబుతారు. ప్రమోషన్ల సంగతి నన్ను అడక్కు. వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరాను, వర్క్ ఇన్‌స్పెక్టరుగానే ఇంటికొచ్చాను. నా దగ్గర చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది, అదీ గొప్పగా చెప్పుకునేది కాదు. ఇనప రేకు నీళ్లలో ఎలా పడుతుందో నాకు తెలియకపోవడం వల్ల ఒక మనిషి పోయాడు. తెలియకుండానే తెలిసినట్టు సంతకం పెట్టడం వల్ల ఇంకో మనిషి బతికుండగానే పోయాడు. ఆ ఇద్దరి గురించే రాస్తాను. నీతోపాటు చేరినవాళ్లకి కూడా చూపించు.

గుండు దారం

నేను చేరిన కొత్తలో గుడివాడలో ఒక డీఈ గారు ఉండేవారు. ఆయన నోటికి సబ్‌డివిజనంతా హడలిపోయేది. చేతులు మాత్రం మహా శుభ్రం. సైటుకి వస్తే ముందు తాపీమేస్త్రీ దగ్గర దారానికి వేలాడే తూకం గుండు అడిగి తీసుకునేవారు, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడేవారు.

ఒకసారి ఉయ్యూరు వెళ్లే దారిలో కల్వర్టు గోడ కట్టించాం. నా కంటికి అది కాస్త వాలినట్టు అనిపించింది. కాంట్రాక్టరుతో అంటే నవ్వాడు. "ఎండన పడి వచ్చారుగా ఇన్‌స్పెక్టరు గారూ, కళ్లు తిరుగుతున్నాయేమో. కాస్త మజ్జిగ తాగండి" అన్నాడు. మజ్జిగ తాగాను. తాగేసి గుండు వేలాడదీశాను. రెండు వేళ్ల వాలు కనిపించింది. డీఈ గారు వచ్చి చూసి గోడ మొత్తం పడగొట్టించారు.

"చూశావుటయ్యా, గుండుకి కులం లేదు, పార్టీ లేదు, బావమరుదులు లేరు. అది అబద్ధం చెప్పదు" అన్నారు.

ఆ రోజు నా ఛాతీ జానెడు పొంగింది. ఇరవై నాలుగేళ్లవాణ్ణి, నా మాట మీద గోడ కూలింది! అప్పటినుంచీ ఇత్తడి గుండు ఒకటి కొనుక్కుని చొక్కా జేబులో వేసుకు తిరిగేవాణ్ణి. జేబు చిరిగిపోతోందని మీ పిన్ని ఎంత గొణిగినా తీసేవాణ్ణి కాదు. డీఈ గారిని నేనిప్పటికీ తప్పుపట్టను. గోడ గురించి గుండుని అడగమన్నారు ఆయన. రేకు గురించి కూడా దాన్నే అడిగింది నేను.

తాడు బావమరిది చేతిలో

తర్వాత దివిసీమకి మార్చారు. సముద్రంలో కలిసే డ్రెయిన్ల మీద తలుపుల లాకులుంటాయి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు పొలాల్లోకి ఎదురుతన్నకుండా ఆ తలుపులే ఆపాలి. తలుపు కింద కర్ర ఇరుక్కున్నా, గాడిలో గుర్రపుడెక్క పేరుకున్నా, ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి చూడాలి. మా సెక్షనులో ఆ దిగేవాడు నాంచారయ్య. నాగాయలంక పక్క చేపలు పట్టే పల్లెకారుల మనిషి.

బక్కగా ఉండేవాడు. నీళ్లలో దిగితే మాత్రం ఒడ్డున ఉన్నవాళ్లు అంకెలు లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగెత్తేదాకా పైకి వచ్చేవాడు కాదు. "ఏమయ్యా, నీకు ఊపిరి అక్కర్లేదా?" అంటే, "ఒడ్డున ఉంటే మా ఆవిడ పీల్చనిస్తదేంటండీ? అక్కడే అలవాటైపోయింది" అనేవాడు. వాళ్లావిడ నాగరత్నం కారియరు తీసుకుని గట్టు మీదే నిలబడి ఉండేది. "ఇంటికి రా నీ సంగతి చెబుతా" అనేది. అందరం నవ్వేవాళ్లం.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. నీళ్లలో దిగేవాడి నడుముకి తాడు కడతారు. ఆ తాడు రెండో కొస బావమరిది చేతిలోనే ఉండాలి. అన్నదమ్ములకి ఇవ్వరు. అదేమిటని ఒకసారి అడిగాను.

"అన్నదమ్ముల చేతిలో తాడుంటే మధ్యలో పొలం గట్టు గుర్తొచ్చుద్దేమోనండీ. బావమరిదికైతే వాళ్లక్క పసుపుకుంకాలే గుర్తుంటాయి" అన్నాడు నాంచారయ్య.

ఆ బావమరిది పేరు పోతురాజు. నాగరత్నానికి సొంత తమ్ముడు. నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్పే రకం. అక్క పాత చీరలోంచి ఎర్రగుడ్డ చింపి తాడుకి ముడి వేసేవాడు. బావ ఎక్కడ పని చెయ్యాలో నేను చెబితే, అక్కడికి సరిపడా తాడు వదిలి, సరిగ్గా గుప్పిట్లోకి వచ్చేచోట గుడ్డ కట్టేవాడు. ఎర్రగుడ్డ గుప్పిట్లో ఉన్నంతసేపూ బావ చెప్పినచోటే ఉన్నట్టు. పక్కకి జరిగితే గుడ్డ జారాలి. తొమ్మిదేళ్లు వాళ్లిద్దరితో పని చేయించాను. ఒక్కసారి కూడా గుడ్డ జారలేదు.

ఆ రోజు

ఎండాకాలం, కాలవలు కట్టేసిన రోజులు. ఒక లాకు వెనక నేల కోసుకుపోయి గొయ్యి పడింది. ఆ గోతిలోంచి ఉప్పునీరు అడుగున దూరి అవతల పొలాల్లో తేలుతోంది. గొయ్యి మీద ఇనప రేకు పరిచి, చుట్టూ ఇసక బస్తాలు పేర్చాలని అనుకున్నాం. రేకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మందం చిటికెన వేలంత కూడా లేదు. మూడు దూలాలు కలిపి కట్టి, చైన్ పుల్లీకి రేకుని బల్లపరుపుగా వేలాడదీశాం. నీళ్లు రెండు నిలువుల లోతు, పైగా బురద. కింద చెయ్యి పెడితే చెయ్యి కనబడదు.

రేకు నడిమధ్య నుంచి నా గుండు వదిలి, అది ఎక్కడ ఆనిందో చూసుకున్నాను. అక్కణ్ణించి పొడుగు అంచు వైపుగా రెండు బారలు, పన్నెండడుగుల దాకా, కొలిచి, సరిగ్గా ఆ పైన గోడ మీద పోతురాజుని కూర్చోబెట్టాను. "నాంచారయ్యా, రేకు దించేదాకా పోతురాజు కిందే బస్తాలు సర్దుకో. రేకుకి రెండు బారల లోపలికి రావద్దు" అన్నాను.

"మీరు గీసిన గీత దాటితే ఒట్టండీ" అని మునిగాడు.

రేకు ఇంకా నీటికి పైనే వేలాడుతోంది. పుల్లీ పళ్లు జారాయి. రేకు నీళ్ల మీద ఫెడీమని పడి, క్షణం నిలిచి, ఒక అంచు కొద్దిగా వంగి మునిగిపోయింది.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి. రేకు పడగానే నా నోటి నుంచి వచ్చిన మాట "హమ్మయ్య". నాంచారయ్య రెండు బారల అవతల ఉన్నాడు కదా, పోతే రేకు పోయిందిలే అనుకున్నాను. అప్పుడే పోతురాజు "బావా!" అని అరిచాడు. తాడు లాగుతున్నాడు, రావడం లేదు. ఇద్దరు దూకారు. రేకు ఎత్తి మనిషిని తెచ్చేసరికి అయిపోయింది. రేకు అంచు ఛాతీ మీద ఉందన్నారు. నాగరత్నం చేతిలో కారియరు అలాగే ఉంది.

పోతురాజు గోడ మీదే నిలబడి గుప్పిట పైకెత్తి ప్రతివాడికీ చూపిస్తున్నాడు. "ఇదిగోండి గుడ్డ! చూడండి! జారలేదండీ! తాడు జారలేదండీ!"

చూశాను. నా రెండు కళ్లతో చూశాను. ఎర్రగుడ్డ గుప్పిట్లోనే ఉంది. రేకు అడుగున ఎక్కడ పడిందో మాత్రం ఆ గొడవలో ఎవరూ కొలవలేదు. నేనూ కొలవలేదు. అప్పటికే పోటు తిరిగింది, మర్నాడు చైను వేసి రేకుని ఈడ్చేశారు.

నేను చెప్పిన మాట

విచారణకి వేరే డివిజను నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చారు. చెడ్డమనిషి కాదు, తొందరలో ఉన్న మనిషి.

"రేకు తిన్నగానే పడిందా?" అన్నారు.

"తిన్నగానే పడుతుందండి. గుండు వేసి చూశాను."

"మరి మనిషి రెండు బారల అవతల ఉంటే రేకు కిందికెలా వచ్చాడయ్యా?"

"వచ్చి ఉంటాడండి."

"తాడు?"

గుప్పిట్లో ఎర్రగుడ్డ కళ్ల ముందే ఉంది. కంగారులో తాడు వెనక్కి లాక్కుని ఉంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "వదులై ఉంటుందండి" అన్నాను. సూచించిన స్థలం వదిలి, తాడు వదులైనందున రేకు కిందికి వచ్చినట్టు రాశారు. కింద సంతకం నాది.

నేను అబద్ధం చెప్పానా అంటే, చెప్పలేదు. నేను నమ్మిందే చెప్పాను. పాతికేళ్లుగా జేబులో మోసిన ఇత్తడి ముక్క మీద నాకున్న నమ్మకం, తొమ్మిదేళ్లు నా కళ్లెదుట తాడు పట్టిన మనిషి మీద లేకపోయింది. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు భయపడి దిద్దుకునేవాణ్ణేమో. నిజమనుకున్నాను కాబట్టి పద్నాలుగేళ్లు హాయిగా నిద్రపోయాను.

పెద్దకర్మ అయ్యాక నాగరత్నం సెక్షనాఫీసు వరండాలోకి వచ్చింది. ఏమీ అడగలేదు, ఒక్క మాట తప్ప.

"అయ్యగారూ, మా తమ్ముడు తాడు వదిలేశాడాండీ?"

"వదలకపోతే అంత పని ఎలా జరుగుద్దమ్మా?" అన్నాను.

ఆవిడ తల ఊపి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే తమ్ముడి మొహం మీద తలుపు వేసిందని తర్వాత తెలిసింది. ఊళ్లో సరేసరి. అక్క మెడలో తాడు తెంపినవాడని పేరు పడింది. తర్వాత పోతురాజు చేతికి ఎవరూ తాడివ్వలేదు. కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్లిపోయాడు.

ఒకసారి బందరు బస్టాండులో కనిపించాడు. జుట్టంతా నెరిసిపోయింది. నేను తప్పుకుందామనుకున్నాను, తనే వచ్చి దణ్ణం పెట్టాడు.

"తాడు జారలేదండీ" అన్నాడు. బాగున్నారా అని కూడా అడగలేదు.

"పోనీలే పోతురాజూ, అయిపోయిందేదో అయిపోయింది. ఇంకా దాన్నే పట్టుకుని కూర్చుంటే ఎలా?" అన్నాను.

"జారలేదండీ" అన్నాడు మళ్లీ. నేను బస్సెక్కేశాను. ఏదో పెద్దమనిషిలా క్షమించేసినట్టు మాట్లాడానే, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చిలకలపూడి తొట్టి

రిటైరయ్యాక సాయంత్రాలు నాకు కాలక్షేపం చిలకలపూడిలో కరీముల్లా గారి పనిషెడ్డు. గిల్టునగలకి ఇత్తడి రేకుల్లోంచి బిళ్లలు కొట్టే పని ఆయనది. నా ఈడువాడే. టీ ఆయన తెప్పిస్తే కబుర్లు నావి.

ఒకరోజు ఆయన కొట్టిన ముక్కల్ని కడగడానికి గాజుతొట్టిలో వేస్తున్నారు. అడుగున జల్లెడ గిన్నె ఉంది. ఒక్క ముక్కా గిన్నెలో పడటం లేదు. "ఏంటండీ, చూపు తగ్గిందా? గిన్నె మీద సూటిగా వదలండి" అని వేళాకోళం చేశాను.

"మీరు వెయ్యండి చూద్దాం" అన్నారు.

వేశాను. పడలేదు. పది వేశాను, పదీ పక్కకి పోయాయి. కరీముల్లా గారు పకపకా నవ్వారు.

"నలభై ఏళ్ల నుంచి వేస్తున్నా, నాకే పడదు. రేకు రాయి కాదండీ బాబూ. గుండ్రటి బిళ్ల అటూ ఇటూ ఊగుతా దిగుద్ది. పొడుగుముక్క పొడుగు అంచు వైపుకి జారుద్ది. ఇంకా సన్నపట్టీ అయితే గిరగిరా తిరగబడతా ఓ పక్కకి కొట్టుకుపోద్ది. ఇదిగో, అంచులు పైకి లేపి దొప్పలాగా వంచింది చూడండి, ఇదొక్కటే బుద్ధిగా కూర్చుంటది. నడిమధ్యన పెద్ద చిల్లున్న బిళ్ల కూడా కాస్త నయం. తిరునాళ్లలో నీళ్ల బకెట్టు అడుగున గిన్నె పెట్టి రూపాయి వెయ్యమంటాడే, వాడు బతికేది దీని మీదేగా!"

టీ గ్లాసు కింద పెట్టేశాను. తిరునాళ్లలో ఆ బకెట్టు ముందు నేనూ నిలబడ్డాను. చిన్నప్పుడు మా నాన్న ఇచ్చిన చిల్లర డబ్బులన్నీ అందులో పోగొట్టుకుని ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఈ దేశంలో పసిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. నేను మాత్రం జేబులో గుండు వేసుకుని మర్చిపోయాను.

"కరీముల్లా గారూ, నాలుగంగుళాల పొడుగు, రెండంగుళాల వెడల్పు ముక్క ఒకటి కోసిస్తారా?" అన్నాను.

ఆయన నా మొహం చూసి కోసిచ్చారు. అది మా రేకుకి సరిపోయే ఆకారం. నీటి మీద బల్లపరుపుగా పెట్టి వదిలాను. క్షణం నిలిచింది. ఒక అంచు వంగింది. వాలుగా జారి, పొడుగు అంచు వైపు, తొట్టి గోడకి టంగుమని తగిలింది. ఇరవైసార్లు వేశాను. ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు. తిన్నగా ఒక్కసారీ పడలేదు. పొట్టి అంచుల వైపు మాత్రం దాదాపు కదల్లేదు. నాంచారయ్యని నేను పొడుగు అంచు వైపు పెట్టాను. పొట్టి అంచు వైపు పెట్టి ఉంటే ఇవాళ బతికి ఉండేవాడు.

అప్పుడు ఏడ్చాను. కరీముల్లా గారికి మొత్తం చెప్పాను. విని, "ఆ బావమరిది ఉన్నాడా?" అన్నారు.

అక్క

మర్నాడే కృత్తివెన్ను వెళ్లాను. చెరువు చెరువుకీ అడుగుతూ పోతే, ఒక గట్టు మీద కాపలా మనిషి చెప్పాడు. "పోతురాజాండీ? పోయిన వానాకాలం జ్వరమొచ్చి పోయాడండీ. ఎవరన్నా వస్తారేమోనని పొద్దుగూకేదాకా చూశామండీ. ఎవరూ రాలేదు. మేమే కానిచ్చాం."

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల ముందు కరీముల్లా గారి తొట్టిలో చెయ్యి పెట్టి ఉంటే సరిపోయేది.

అక్కణ్ణించి నాగాయలంక పక్కకి వెళ్లాను. నాగరత్నం ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. ఉత్తమాటలు చెబితే లాభం లేదనిపించి, గంగాళం నిండా నీళ్లు అడిగాను. ఏమిటీ పిచ్చి అన్నట్టు చూసి, తెచ్చింది. జేబులోంచి ఇత్తడి ముక్క తీసి వదిలాను. జారింది. మళ్లీ వదిలాను. మళ్లీ జారింది.

"ఇది ఆ రేకమ్మా. తిన్నగా పడలేదు. నాంచారయ్య నేను చెప్పినచోటే ఉన్నాడు, రేకే అతని మీదికి వచ్చింది. మీ తమ్ముడు తాడు వదల్లేదు. తప్పు నాది. నాకు తెలియక చెప్పాను" అన్నాను.

ఆవిడ గంగాళం పక్కన కూర్చుంది. ముక్క తన చేతిలోకి తీసుకుని తనే వదిలింది. అడుగున పడ్డదాన్ని తీసి, మళ్లీ వదిలింది. ఎన్నిసార్లు వేసిందో లెక్కపెట్టలేదు.

"వాడు ఈ గుమ్మంలోనే నిలబడి చెప్పాడండీ" అంది చివరికి. "ఏటా బావ తద్దినానికి వచ్చేవాడు. తలుపు తీసేదాన్ని కాదు. బయట నిలబడి, తాడు జారలేదక్కా అనేవాడు. అదే మాట అని వెళ్లిపోయేవాడు. సొంత తమ్ముడండీ. మీరు చదువుకున్నోళ్లు, మీ మాట నమ్మి వాడి మాట నమ్మలేదు. పోయాడని కబురొస్తే చూడ్డానికి కూడా ఎల్లలేదండీ నేను."

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. తిట్టలేదు, శపించలేదు. తిడితే బాగుండునని ఎంత అనుకున్నానో.

బయలుదేరుతుంటే పిలిచింది.

"అప్పుడు కాయితం మీద రాశారంటగా. ఇదీ రాయండి. వాడి పేరు పెట్టి రాయండి."

స్రవంతీ, ఆఫీసుకి రాసిచ్చాను. ఎప్పుడో మూసేసిన ఫైలు, వాళ్లేం చేస్తారో తెలియదు. నువ్వు నాలుగు ముక్కలు అడిగావు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. నీ లెక్క ఒకటి చెప్పి, తాడు పట్టుకున్నవాడు ఇంకొకటి చెబితే, ముందు వాడి గుప్పిట చూడు. నేను చూసి కూడా నమ్మలేదు.

నాంచారయ్య చెప్పినచోటు వదల్లేదు. పోతురాజు తాడు వదల్లేదు. ఆ చోటు చూపించింది నేను.